పదమూడేళ్ల వ్యాగన్‌ఆర్: ఖర్చుల లెక్క

2012లో కొన్న పెట్రోల్ బండి, 2025కి 1,48,000 కిలోమీటర్లు దాటింది. ఎక్కువగా విజయవాడ, గుంటూరు మధ్యే, ఏడాదికి నాలుగైదు సార్లు హైదరాబాద్. "ఇంకా అమ్మలేదా?" అని అడుగుతుంటారు, అమ్మడానికి కారణం దొరకట్లేదు.

ఓ ఆదివారం సాయంత్రం కోదాడ దగ్గర క్లచ్ కేబుల్ తెగింది. తప్పు నాదే, పెడల్ బరువెక్కిందని నాలుగు నెలలుగా తెలిసీ రేపు చూద్దాంలే అని తిరిగాను. ఆటో ఎక్కి ఊళ్లో ఓ చిన్న కొట్టుకెళితే, గోడ మేకుకి చుట్టలు చుట్టి మూడు కేబుళ్లు వేలాడుతున్నాయి. కుర్రాడు ఏ సంవత్సరం మోడలో అడిగి ఒకటి లాగి, నాతో వచ్చి రోడ్డు పక్కనే ముప్పావు గంటలో బిగించేశాడు. కూలీతో కలిపి తొమ్మిది వందలు.

మా బావ కారుంది, కంపెనీ పేరు ఎందుకులే, ఇంజన్‌కి వంక పెట్టలేం. కానీ హెడ్‌లైట్ పగిలితే పార్ట్ రావడానికి ఇరవై రెండు రోజులు పట్టింది, బిల్లు చూసి మా అక్క "సగం స్కూటీ వచ్చేది" అంది.

నా బండిలోది కె10బి ఇంజన్, 998 సీసీ, మూడు సిలిండర్లు. మారుతి వాళ్లు ఆల్టో కె10, సెలెరియోలకీ అదే వేశారు, అందుకే ఫిల్టర్లు, ప్లగ్గులు ఏ ఊళ్లో అడిగినా దొరుకుతాయి, చేయి తిరిగిన మెకానిక్కులూ దొరుకుతారు. పైగా ఇంజన్ లోపల వాల్వులని నడిపేది టైమింగ్ బెల్టు కాదు, చైను, కాబట్టి ఇన్ని వేల కిలోమీటర్లకి మార్చాలన్న గోల లేదు. ఆ చైను బతకాలంటే మాత్రం ఆయిల్ టైముకి మార్చాల్సిందే. నేను పది వేలకోసారి మారుస్తాను, ఈ ఒక్క విషయంలో బద్ధకించలేదు. ఏసీ వేసి ఘాట్ ఎక్కితే ఊపు తగ్గుతుంది, లీటర్ ఇంజన్ కదా.

పెద్ద ఖర్చంటే 92,000 కిలోమీటర్ల దగ్గర ఆటోనగర్‌లో వేయించిన క్లచ్ సెట్, లేబర్‌తో ఆరు వేల చిల్లర. లోయర్ ఆర్మ్ బుష్‌లు (ముందు చక్రాల సస్పెన్షన్‌లో ఉండే రబ్బర్లు) రెండుసార్లు, అది మన రోడ్ల పుణ్యం. ఓసారి ఎలుకలు వైరింగ్ కొరికాయి, వాటికి ఏ కంపెనీ బండైనా ఒకటే. నా కక్కుర్తి ఖర్చు ఇంకోటుంది: మూడు వందలు మిగులుతాయని డూప్లికేట్ బ్రేక్ ప్యాడ్లు వేయిస్తే, రెండు నెలలకే కీచుమని అరుస్తూ డిస్కుల మీద గాట్లు పెట్టాయి, చివరికి డిస్కులు కూడా మార్చాల్సొచ్చింది.

2027లో పదిహేనేళ్లు నిండుతాయి, ఆర్‌సీ రెన్యువల్ చేయిస్తాను. ఈలోపు సైలెన్సర్ రబ్బరు ఒకటి వేయించాలి, గుంతలో పడ్డప్పుడల్లా టంగుమంటోంది.