బల్ల మీది ఎనలైజరా, జేబులోని టైనీఎస్‌ఏనా: మీటలు నేర్వడానికి ఏది మేలు?

భీమవరం, ఆకివీడు ప్రాంతాల రొయ్యల చెరువుల్లో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచి, ఆ లెక్కను గట్టు మీది పెట్టె నుంచి రేడియో ద్వారా పంపే సెన్సర్లను అమర్చుకుంటున్న రైతులు ఉన్నారు. వీటిలో లోరా రకానివి, అంటే తక్కువ కరెంటుతో చిన్న సందేశాలను దూరానికి పంపేవి, మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 865–868 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పనిచేస్తాయి. ఆక్సిజన్ పడిపోయే తెల్లవారుజామునే సందేశం రాకపోతే, సెన్సర్ పంపడం మానేసిందా, పంపినది దారిలో నాయిస్‌లో (అక్కర్లేని రేడియో రొదలో) కలిసిపోయిందా అన్నది తేల్చడానికి స్పెక్ట్రమ్ ఎనలైజర్ పనికొస్తుంది; ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత బలమైన సంకేతం ఉందో తెర మీద గీతగా చూపే యంత్రం అది. ఆ పనికి దిగే కుర్రవాడు దేని మీద చేయి తిప్పుకోవాలన్నదే ఇక్కడి ప్రశ్న.

కాలేజీ ల్యాబుల్లో కనిపించే హెచ్‌పి 8591 వంటి పాత యంత్రం 9 కిలోహెర్ట్జ్ నుంచి 1.8 గిగాహెర్ట్జ్ వరకు చూపిస్తుంది. బరువు సుమారు 15 కిలోలు. దాని ఫ్రంట్ ప్యానెల్ మీద ఫ్రీక్వెన్సీ, స్పాన్, యాంప్లిట్యూడ్ అనే మూడు మీటలు మిగతావాటికంటే పెద్దవిగా ఉంటాయి. ఎక్కడ చూడాలి, ఎంత వెడల్పున చూడాలి, ఎంత ఎత్తున చూడాలి అన్న మూడు ప్రశ్నలకు అవి జవాబులు కాబట్టి, వాటిని ఆ వరుసలోనే నొక్కడం అలవాటైతే సగం పని వచ్చినట్టే. అన్నిటినీ మొదటి స్థితికి తెచ్చే ప్రీసెట్ నొక్కి, యంత్రమే పరీక్ష కోసం ఇచ్చే క్యాలిబ్రేషన్ అవుట్‌పుట్ నుంచి వచ్చే 300 మెగాహెర్ట్జ్, మైనస్ 20 డిబిఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి కొలిచే బలం) సంకేతాన్ని కేబుల్‌తో ఇన్‌పుట్‌కు కలిపి, పీక్ సెర్చ్ నొక్కితే మార్కర్ అనే గుర్తు వెళ్లి శిఖరం మీద కూర్చుంటుంది. ఇక్కడ కొత్తవారు తరచూ పొరబడే చోటు ఒకటి ఉంది: అంకెలు కొట్టి ఊరుకుంటే యంత్రం వాటిని స్వీకరించదు, చివర మెగాహెర్ట్జ్ మీట కూడా నొక్కాలి.

జేబులో పట్టే చిన్న ఎనలైజర్ టైనీఎస్‌ఏ బేసిక్ రకంలో ఈ మూడూ ఉన్నాయి గాని, 2.8 అంగుళాల తెర మీది మెనూల వెనుక దాగి ఉన్నాయి. ఎక్కడ ఏముందో ముందే తెలిసినవారికి అది హాయి; తెలియనివారికి ప్రతి అడుగూ వెతుకులాటే. పైగా దీనికి రెండు ఇన్‌పుట్‌లు. 350 మెగాహెర్ట్జ్ వరకు ఒకటి, 240 నుంచి 960 వరకు మరొకటి. మన 865 రెండోదానిలో పడుతుంది, ఆ రెండోది మొదటిదాని అంత శుభ్రంగా ఉండదు. సంకేతం లేని చోట కూడా వేరే సంకేతాల ప్రతిబింబాలను చూపిస్తుంది.

అసలు తేడా తెలిసేది రిజల్యూషన్ బ్యాండ్‌విడ్త్ దగ్గర, అంటే ఒక్కోసారి ఎంత సన్నని ముక్కను విడిగా చూడాలన్న చోట. దాన్ని 100 కిలోహెర్ట్జ్ నుంచి 10కి తగ్గిస్తే నాయిస్ మట్టం 10 డెసిబెళ్లు దిగుతుంది, కానీ స్వీప్‌కు, అంటే ఒక చివర నుంచి మరో చివర దాకా చూసి రావడానికి, పట్టే సమయం సుమారు వంద రెట్లవుతుంది. తొందరపడి స్వీప్‌ను బలవంతంగా వేగం చేస్తే హెచ్‌పి తెర మీద, కొలత నమ్మదగినది కాదన్న హెచ్చరిక వస్తుంది. నాబ్ తిప్పుతూ ఈ బేరాన్ని కళ్లతో చూసినవారు దాన్ని మరచిపోరు; జేబు యంత్రం దాన్ని తనంతట తానే చక్కబెట్టేసే సరికి ఆ పాఠం దాటిపోతుంది. అయితే ఒక మెలిక ఉంది. లోరా సంకేతం సాధారణంగా 125 కిలోహెర్ట్జ్ వెడల్పు కాబట్టి, బ్యాండ్‌విడ్త్ తగ్గిస్తే నాయిస్‌తోపాటు అదీ దిగుతుంది. లాభం సన్నని సంకేతాలకే. పైగా లోరా సంకేతం క్షణకాలం పలికి ఆగిపోతుంది కనుక, ప్రతి చోటా వచ్చిన గరిష్ఠ విలువను తెర మీద నిలిపే మాక్స్ హోల్డ్ పెట్టి కొంతసేపు వేచి ఉండనిదే ఈ రెండు యంత్రాలకీ సరిగా చిక్కదు.

ఇక చెరువు పక్కనే సెల్ టవర్ ఉంటే మరో చిక్కు. 850 బ్యాండ్‌లో టవర్లు పలికేది 869 మెగాహెర్ట్జ్ నుంచే కనుక, ఆ ధాటికి ఎనలైజర్ లోపల ఫ్రీక్వెన్సీని మార్చే మిక్సరే తబ్బిబ్బై దొంగ శిఖరాలను పుట్టించవచ్చు. బల్ల యంత్రంలో, లోపలికి వచ్చే సంకేతాన్ని తగ్గించే అటెన్యుయేషన్‌ను మరో 10 డెసిబెళ్లు పెంచి చూడాలి: నిజమైన శిఖరం తెర మీద అక్కడే నిలుస్తుంది, దొంగది కిందికి జారుతుంది. టైనీఎస్‌ఏ మొదటి ఇన్‌పుట్‌కు 0 నుంచి 31 డెసిబెళ్ల వరకు ఒక్కొక్కటిగా మార్చుకునే వీలుంది గాని, మనకు కావలసిన రెండోదానికి అంత వెసులుబాటు లేదు. బయట అటెన్యుయేటర్ బిగించి, ఏ శిఖరం దాని విలువకంటే ఎక్కువ పడిందో చూసుకోవాలి.

కాబట్టి నేర్చుకోవడానికి నేను బల్ల యంత్రానికే ఓటు వేస్తాను. గట్టు మీదికి మాత్రం 15 కిలోల పెట్టెనూ, దానికి కరెంటునూ మోసుకెళ్లలేము. ధరలోనూ పోలిక లేదు. అక్కడ బ్యాటరీతో నడిచే చిన్నదే దిక్కు, ఎండలో తెర సరిగా కనబడక చేయి అడ్డం పెట్టుకోవలసి వచ్చినా సరే. దాన్ని తీసుకెళ్లేవారు 30 డెసిబెళ్ల అటెన్యుయేటర్ ఒకటి సంచిలో వేసుకోవాలి. లోరా మాడ్యూల్ 20 డిబిఎం వరకు పంపగలదు, జేబు యంత్రం ఇన్‌పుట్ తట్టుకునేది 10 డిబిఎం. ఈ రెంటినీ నేరుగా కేబుల్‌తో కలపకూడదు.