నూనె మానాలా, నూనె తాగాలా, కంచంలో అన్నం తగ్గించాలా?

బరువు తగ్గడానికి తెలుగువాళ్లకి దొరికినన్ని దారులు ఇంకెవరికీ దొరికి ఉండవు. మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పూ నూనే లేకుండా వండుకోమన్నారు. పొద్దున్నే కడుపు నిండా నీళ్లు, మొలకలు, పండ్లు, చీకటి పడేలోపు రాత్రి భోజనం. తర్వాత కొన్నేళ్లకి వీరమాచనేని రామకృష్ణ గారు దాన్ని సరిగ్గా తిరగేశారు. కొబ్బరినూనె తాగండి, పండ్లు మానండి, అన్నం, చపాతీ ముట్టుకోకండి అన్నారు. 2017-18 ప్రాంతంలో ఏ పెళ్లికెళ్లినా విస్తరి ముందు కూర్చుని ‘నేను వీఆర్‌కే డైట్‌లో ఉన్నా’ అనేవాళ్లు నలుగురైనా కనిపించేవాళ్లు. ఈలోగా మైసూరు నుంచి ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు వచ్చాయి. కొర్రలు, అండుకొర్రలు, అరికలు, సామలు, ఊదలు. 2023లో ఆయనకి పద్మశ్రీ కూడా వచ్చింది.

చిత్రమేమిటంటే నూనె మానేసిన ఆయనా తగ్గాడు, నూనె తాగిన ఎదురింటాయనా తగ్గాడు. ఇద్దరి పాత ప్యాంట్లూ వదులయ్యాయి. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మరి ఎవరి మాట వినాలి?

ఒక్కసారి ఆ పద్ధతులు ఏం తినమన్నాయో పక్కనపెట్టి, ఏం మానమన్నాయో చూడండి. పంచదార, మైదా, బేకరీ సరుకు, స్వీటు షాపు, సాయంత్రం బజ్జీల బండి, కూల్‌డ్రింకులు, కుప్పలా పెట్టుకునే అన్నం. ఇవన్నీ ఇంచుమించు అన్ని చోట్లా పోతాయి. బయట తిండి దానంతటదే ఆగిపోతుంది, ఎందుకంటే ఏ హోటల్లోనూ ఆ రూల్సుకి సరిపడేది దొరకదు. తగ్గించింది ఎక్కువగా ఇదే. పేరు మాత్రం కొబ్బరినూనెకో మొలకలకో వచ్చింది.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 609 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి కొవ్వు తగ్గించమని, ఇంకో గుంపుకి పిండిపదార్థాలు తగ్గించమని ఏడాదిపాటు చూశారు. ఫలితం 2018లో వచ్చింది. మొదటి గుంపు సగటున 5.3 కిలోలు, రెండోది 6 కిలోలు. లెక్కలోకి తీసుకోదగ్గ తేడా కాదని వాళ్లే తేల్చారు. అసలు తేడా గుంపుల మధ్య కాదు, ఒకే గుంపులోని మనుషుల మధ్య ఉంది. రెండింట్లోనూ బాగా తగ్గినవాళ్లున్నారు, బరువు పెరిగినవాళ్లూ ఉన్నారు.

కాబట్టి నూనా పిండా అన్న తగువు వదిలేసి, కఠినమైన డైటు మేలా, రోజువారీ అలవాట్లలో మార్పు మేలా అని చూస్తే ఉపయోగం ఉంటుంది.

వేగం అడిగితే డైటే గెలుస్తుంది. మొదటివారంలోనే మూడు నాలుగు కిలోలు పోయిందంటారు, పోతుంది కూడా. అయితే ఒంట్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్ (ఒళ్లు దాచుకున్న చక్కెర) ఖర్చవుతుంటే, దాంతో పాటు దానికి మూడు రెట్ల నీరూ వెళ్లిపోతుంది. తూకం యంత్రం మీద కనిపించే మొదటి ఆనందంలో ఎక్కువ భాగం ఈ నీళ్లదే. మళ్లీ నాలుగు రోజులు అన్నం తింటే ఆ నీరు తిరిగొస్తుంది. అప్పుడు మనిషి ‘నాకు అన్నం పడదు’ అనేసుకుంటాడు, పాపం అన్నం చేసిందేమీ లేదు.

ఆ వేగానికి ధర కూడా ఉంటుంది. షుగర్‌కి గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో వాడుతూ ఒక్కసారిగా అన్నం మానేస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రల మీద ఉన్నవాళ్లు పిండిపదార్థం పూర్తిగా ఆపితే, షుగర్ మామూలుగానే కనిపిస్తున్నా రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి ఆసుపత్రి పాలయ్యే ప్రమాదముంది. డాక్టరుతో మందుల మోతాదు మార్పించుకోకుండా ఇలాంటి డైటు మొదలుపెట్టడం ప్రాణంతో చెలగాటం. మంతెన గారి పద్ధతిలో ఈ భయం తక్కువ, బీపీ ఉన్నవాళ్లకి ఉప్పు తగ్గడం మంచిదే. దాని చిక్కు వేరు: ఇంట్లో ఒక్కరికి వేరే గిన్నె, వేరే కూర. వండేది ఎవరు? తనకోసం విడిగా వండుకునే ఓపిక ఇంటి ఇల్లాలికి ఎన్నాళ్లుంటుంది? ఆయన చెప్పినవాటిలో ఒకటి మాత్రం ఎవరైనా కళ్లకద్దుకుని తీసుకోవచ్చు, పెందలాడే తినడం. రాత్రి తొమ్మిదిన్నర భోజనం ఏడున్నరకి జరిగితే, ఆరింటికి తినే మిక్చరు, మురుకులు వాటంతటవే ఎగిరిపోతాయి.

సిరిధాన్యాల సంగతి, దాంతోపాటు చపాతీ సంగతి కూడా ఇక్కడే చూసేద్దాం. ‘రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తింటున్నా, అయినా తగ్గట్లేదు’ అన్న మాట ప్రతి ఆఫీసులోనూ వినిపిస్తుంది. లెక్క వేయండి. 30 గ్రాముల పిండితో చేసిన చపాతీ వంద కేలరీలు. చెంచాడు నూనె రాసి కాలిస్తే ఇంకో 45. అలాంటివి మూడు తింటే 435. వండిన అన్నం 100 గ్రాములకి 130 కేలరీలు, అంటే ఆ మూడు చపాతీలూ మూడువందల ముప్పై గ్రాముల అన్నంతో సమానం. పక్కన ఆలూ కుర్మా ఉంటే చెప్పనక్కర్లేదు. చపాతీలో ఉన్న అసలు సుఖం ఒక్కటే. చపాతీకి లెక్క ఉంటుంది, అన్నానికి కుప్ప ఉంటుంది. రెండు దగ్గర ఆగేవాళ్లకి చపాతీ మేలు, ఆగనివాళ్లకి ఏదైనా ఒకటే.

కొర్రలకీ బియ్యానికీ కేలరీల్లో పెద్ద తేడా లేదు, వంద గ్రాములకి కొర్రలు 330 అయితే బియ్యం 350. పీచు ఎక్కువ కాబట్టి తొందరగా కడుపు నిండినట్టుంటుంది, అది లాభమే. దాన్ని పిండి పట్టించి దోసెలు పోస్తే ఆ లాభం చాలావరకు పోతుంది. ఇక మిల్లెట్ బిస్కెట్లు, మిల్లెట్ మిక్చరు అంటారా, అవి బిస్కెట్లే, మిక్చరే. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కలిసి చేసిన దేశవ్యాప్త సర్వే 2025లో ఇదే చెప్పింది. మన దేశంలో సగటున 62 శాతం కేలరీలు పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. తెల్లబియ్యం తీసేసి ఆ చోట గోధుమపిండో మిల్లెట్ పిండో పెట్టినంత మాత్రాన షుగర్ జబ్బు ముప్పు తగ్గలేదు, మొత్తం మోతాదు తగ్గితేనే తగ్గింది. అందులో కొంత భాగాన్ని పప్పులు, పాలు, పెరుగు లాంటి ప్రొటీన్‌తో భర్తీ చేసినా మేలు కనిపించింది.

మోతాదు తగ్గించడం అనగానే అందరూ ఆకలిని గుర్తు చేసుకుంటారు. నాకైతే అసలు చిక్కు మన వడ్డన వరసలో ఉందనిపిస్తుంది. ముందు పప్పూ నెయ్యితో కొంచెం అన్నం. కూరతో ఇంకొంచెం. మధ్యలో గోంగూర పచ్చడి ఉంటే దానికి రెండు ముద్దలు వేరే. చారుకో పులుసుకో మళ్లీ ఒక హస్తం, అంటే గరిటెడు. పెరుగన్నం తినకపోతే భోజనం అయినట్టే ఉండదు. ఒక్కోటీ ‘కొంచెమే’, కానీ ప్రతి వంటకానికీ కొత్తగా అన్నం పడుతుంది. పైగా పక్కనుంచి అమ్మో అత్తగారో ‘ఇంకాస్త వేసుకో నాయనా, ఏం తిన్నావని’ అంటూ గరిటె పట్టుకుని సిద్ధం.

దీనికి మందు అన్నం మానడం కాదు, వరస మార్చడం. కూర గిన్నెలో పెట్టుకుని ముందు అదే సగం తినేయాలి. పప్పు పలుచగా కాకుండా ముద్దగా ఉండాలి. అన్నం ఒకేసారి కంచంలో పెట్టుకుని, అందులోనే పప్పుకి ఇంత, చారుకి ఇంత అని పంచుకోవాలి. అన్నం గిన్నె వంటింట్లోనే ఉండాలి, బల్ల మీదకి రాకూడదు. చివర పెరుగులో అన్నం బదులు దోసకాయ ముక్కలో, నాలుగు దానిమ్మ గింజలో. కూర, ప్రొటీన్ ముందు తిని పిండిపదార్థం చివర తింటే భోజనం తర్వాత షుగర్ తక్కువగా పెరుగుతుందని పరీక్షల్లో కూడా తేలింది. ఇలా ఒక్క హస్తం, సుమారు వంద గ్రాములు తగ్గినా పూటకి 130 కేలరీలు.

నూనె విషయంలోనూ మానాలా తాగాలా అన్నది అనవసరం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, రెండు వేల కేలరీల ఆహారంలో నూనె, నెయ్యి అన్నీ కలిపి రోజుకి 27 గ్రాములు ఉండవచ్చంది. నలుగురున్న ఇంట్లో అది నెలకి మూడున్నర లీటర్లు. ఐదు లీటర్ల డబ్బా తెరిచినరోజు దానిమీద పెన్నుతో తేదీ రాయండి. నెలకే అయిపోతుంటే, దాన్ని నెలన్నర లాగితే చాలు. మనిషికి రోజుకి వంద కేలరీలకి పైగా తగ్గుతాయి, ఎవరూ ఉప్పులేని కూర తినక్కర్లేదు. వేపుళ్లు వారానికి రెండుసార్లే చేస్తే డబ్బా దానంతటదే ఆగుతుంది.

ఇక జిమ్మా, నడకా? అరగంట గబగబా నడిస్తే డెబ్బై కిలోల మనిషికి ఖర్చయ్యేది 120 నుంచి 150 కేలరీలు. విశాఖ ఆర్కే బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచేవాళ్లకోసం వాహనాలు ఆపుతారు, చూడముచ్చటగా ఉంటుంది. ఆ నడిచినవాళ్లలో ఎంతమంది తిరిగొస్తూ టిఫిను బండి దగ్గర నెయ్యి కారం దోసె తింటారో కూడా చూడాలి. నడక బరువు తగ్గించడంలో బలహీనమే, కానీ తగ్గిన బరువు తిరిగి రాకుండా చూడటంలో, షుగర్, బీపీ, నిద్ర దారిలో పెట్టడంలో దానికి సాటి లేదు. జిమ్‌కి ఉన్న బలం వేరు, అక్కడ కండ మిగులుతుంది. తిండి మాత్రమే తగ్గించి బరువు తగ్గినవాళ్లు కొవ్వుతోపాటు కండనీ పోగొట్టుకుంటారు. వారానికి 150 నిమిషాల నడకతోపాటు రెండురోజులు కండరాలకి పనిచెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడం ఇందుకే. ఏడాది ఫీజు కట్టి ఫిబ్రవరికల్లా మానేసేవాళ్లకి ఇంట్లో కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం, గోడకి చేతులు పెట్టి పుషప్‌లు, రెండు నీళ్ల సీసాలు పైకెత్తడం చాలు. నా ఓటు నడకకి, నలభై దాటినవాళ్లయితే దాంతోపాటు ఈ ఇంటి కసరత్తుకి.

ఇవన్నీ కలిపితే కాగితం మీద నెలకి కిలోకి పైగా రావాలి. నిజంలో అంతకన్నా తక్కువే వస్తుంది, ఎందుకంటే బరువు తగ్గేకొద్దీ ఒంటి ఖర్చూ తగ్గుతుంది. ఇక్కడే అలవాట్ల దారి జనానికి విసుగు పుట్టిస్తుంది, ఇక్కడే డైటు మళ్లీ ఆకర్షిస్తుంది. సంక్రాంతికి అరిసెలు తిన్నాక ఏమవుతుందో కూడా చూడాలి. డైటులో ఉన్నవాడికి ఒక్క అరిసెతో వ్రతభంగం, ఇక మొత్తం వదిలేస్తాడు. గిన్నె వంటింట్లో పెట్టుకునేవాడికి మర్నాడు ఆ గిన్నె అక్కడే ఉంటుంది.

ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. మన దేశంలో 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ. పరీక్షల్లో వెగోవీ మందుతో ఏడాదిన్నర లోపు సగటున 15 శాతం దాకా, మౌంజారో పెద్ద డోసుతో 20 శాతం దాకా బరువు తగ్గింది. అలవాట్లతో ఆ అంకెని అందుకోవడం చాలా కష్టం, ఒప్పుకోవాలి. ఊబకాయంతోపాటు షుగరో, నిద్రలో శ్వాస ఆగే జబ్బో ఉన్నవాళ్లు డాక్టరు సలహాతో అవి తీసుకుంటే దాన్ని బద్ధకం అనడం అన్యాయం. అయితే వెగోవీ మందు ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. పెళ్లికి ఆరు కిలోలు తగ్గాలని మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే వస్తువు కాదది.

వీటన్నిటికన్నా నన్ను బాగా ఆకట్టుకున్నది చెన్నైలో షుగర్ అంచున ఉన్న 531 మంది మీద జరిగిన ఒక పరిశోధన. 2006లో వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగర్ జబ్బు రావడం 28.5 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకున్నవాళ్లలో 26.4 శాతం. వింత ఏమిటంటే అలవాట్లు మార్చుకున్నవాళ్ల బరువు దాదాపు ఏమీ తగ్గలేదు. అంటే తూకం యంత్రం కదలకపోయినా లోపల పని జరుగుతూనే ఉంది.

అందుకే పది కిలోల లోపు ఎక్కువున్నవాళ్లకి నేను చెప్పేది అలవాట్ల దారే. తూకం వారానికొకసారి చాలు, దాని పక్కన టైలర్ టేపు పెట్టుకోండి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ సరిగ్గా మధ్యలో, ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాగకుండా కొలవాలి. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు అంటే ముప్పై అయిదున్నర అంగుళాలు, ఆడవాళ్లకి 80 అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటితే ఎక్కువున్నట్టు. ఈ కొలత నెలకొకసారి చాలు. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించి పాత రిపోర్టు పక్కన పెట్టి చూడండి. అప్పటికీ అంకెలు కదలకపోతే డాక్టరు దగ్గర మందుల మాట ఎత్తండి, ఆలస్యం చేయకండి.