ఛాతీకి సరిపోయి చేతులకు చాలని ఫ్లానెల్ చొక్కా

బరువైన ఫ్లానెల్ చొక్కా గురించి ఎవరిని అడిగినా ముందుగా వచ్చే సలహా ఒకటే: గుడ్డ మందం కాబట్టి ఒక సైజు పెద్దది తీసుకోండి. ఆ సలహా మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. కొన్ని చలికాలాలుగా ఒకే చొక్కాను ఇంట్లోనూ బయటా తెగ వాడుతున్నాను. దాని గుడ్డతో గానీ, రంగుతో గానీ, కుట్టుపనితో గానీ నాకు పెద్ద పేచీ లేదు. పేచీ అంతా చేతుల పొడవుతోనే. ఛాతీ దగ్గర ఒంటికి కొలిచి కుట్టినట్టు కూర్చున్న చొక్కా మణికట్టు దగ్గరికి వచ్చేసరికి మొండిచేయి చూపింది. సైజు పెంచుకోవడం ఆ లోపానికి మందు కాదని కూడా దీన్ని వాడాకే తెలిసింది.

గుడ్డ తూకం పది ఔన్సులని చీటీ మీద ఉంది. చదరపు గజానికి 10 ఔన్సులు అంటే చదరపు మీటరుకు సుమారు 340 గ్రాములు. రోజూ వేసుకునే పాప్లిన్ చొక్కాల గుడ్డ సాధారణంగా ఇందులో సగం కూడా తూగదు. ఈ తేడా తెలిసేది వెచ్చదనంలో మాత్రమే కాదు. పల్చటి గుడ్డ ఒళ్ళు కదిలినప్పుడల్లా తానే జారి సర్దుకుంటుంది, చిన్నచిన్న కొలత లోపాలను కప్పిపుచ్చుతుంది. రెండు వైపులా నూగు లేపిన మందపాటి గుడ్డకు ఆ గుణం లేదు. లోపల వేసుకున్న నిండు చేతుల బనీనును అది పట్టుకుంటుంది, మోచేయి మడతలో దళసరిగా పేరుకుంటుంది. చేయి వంచగానే మోచేయి వెలుపలి వైపు పొడవు పెరుగుతుంది కాబట్టి ఆ పెరిగిన మేరకు గుడ్డ ఎక్కడినుంచో రావాలి. భుజం వైపు నుంచి జారి రాలేదు, అందుకని మణికట్టు వైపు నుంచి వస్తుంది. కఫ్ పైకి పోతుంది, చేయి దించాక కూడా ఓ పట్టాన కిందికి దిగదు. పాప్లిన్ చొక్కాలో సరిపోయే చేతి పొడవు ఇందులో చాలకపోవడానికి మొదటి కారణం ఇదే. నా లెక్కన ఈ మందం గుడ్డకు చేతి పొడవు కనీసం ఒక అంగుళం ఎక్కువ ఉండాలి, అదీ ఉతికిన తర్వాత.

కొనేటప్పుడు రెండు సైజులు పక్కపక్కన పెట్టి కొలిచాను. నా ఛాతీ 40 అంగుళాలు. మీడియం చొక్కాను బల్ల మీద పరిచి చంకల కింద అడ్డంగా కొలిస్తే 22 అంగుళాలు, అంటే చుట్టూ 44. లార్జ్ 23.5 అంగుళాలు, చుట్టూ 47. భుజం కుట్టు నుంచి కఫ్ అంచు దాకా చేతి పొడవు మీడియంలో 25 అంగుళాలు, లార్జ్‌లో 25.5. ఒక సైజు పెరిగితే ఒంటి చుట్టూ మూడు అంగుళాలు వచ్చాయి, చేతికి వచ్చింది అర అంగుళం. చేతులు పొడవుగా ఉన్న మనిషి ఆ అర అంగుళం కోసం నడుము చుట్టూ డేరా గుడ్డలాంటి వదులును మోయాలన్నమాట. సైజు పెద్దది తీసుకోమనేవాళ్ళు ఈ లెక్క ఎప్పుడూ చెప్పరు. సైజుల పట్టికలో ఛాతీ కొలత ఒక్కటే అచ్చువేసే తయారీదారులు ఎలాగూ చెప్పరు.

అయినా రెండూ వేసుకుని చూశాను. చేతులు కిందికి వదిలి నిలబడితే లార్జే మేలనిపించింది. దాని భుజం కుట్టు నా భుజం దాటి కిందికి జారడంతో కఫ్ బొటనవేలి మొదలు దాకా వచ్చింది. అద్దం ముందు కదలకుండా నిలబడి చూసుకునేవాళ్ళకు అక్కడితో తృప్తి కలుగుతుంది. అల్మరా పైఅర అందుకున్నట్టు రెండు చేతులూ పైకెత్తి చూస్తే సంగతి తారుమారైంది. లార్జ్‌లో కఫ్ మణికట్టు ఎముక దాటి మూడు వేళ్ళ మేర వెనక్కి పోయింది, చొక్కా ముందుభాగం మొత్తం లేచి నడుము బయటపడింది. తక్కువ పొడవున్న మీడియంలో కఫ్ కదిలింది ఒక్క వేలు మేరే, నడుము దగ్గర చొక్కా పెద్దగా లేవలేదు. ఈ చొక్కాతో నాకు కలిగిన సంతోషకరమైన ఆశ్చర్యం ఇదొక్కటే కాబట్టి దీని దగ్గర కొంచెం ఆగుతాను.

కిటుకు చంక కోతలో ఉంది. కోత లోతుగా కిందికి దిగితే చేతి గుడ్డ, పక్క గుడ్డ కలిసే చోటు చంకలో కాక పక్కటెముకల మీద పడుతుంది. చేయి ఎత్తగానే ఆ కలయిక దగ్గర పట్టుకుని చొక్కా మొత్తాన్ని పైకి లాగుతుంది, గుడ్డ బరువెక్కువైన కొద్దీ ఆ లాగుడు మరింత బాగా తెలుస్తుంది. కోత చంకకు దగ్గరగా, ఎత్తుగా ఉంటే చేయి మిగతా చొక్కాతో సంబంధం లేనట్టు కదులుతుంది. సైజు పెరిగిన కొద్దీ చంక చుట్టుకొలత కూడా పెంచుతారు కాబట్టి, వదులు ఉంటే కదలిక సులువని మనం అనుకునేది చేతుల విషయంలో అనేకసార్లు తలకిందులవుతుంది. వదులు పొట్ట దగ్గర సుఖమిస్తుంది, వీపు మీద కుచ్చిళ్ళుగా ఉంటే ముందుకు వంగడానికీ పనికొస్తుంది, చంక కింద ఉంటే మాత్రం అడ్డమే. అందుకే మీడియం తీసుకున్నాను, ఆ ఎంపిక మీద ఇప్పటికీ నాకు రెండో ఆలోచన లేదు.

చీటీ మీద చల్లటి నీళ్ళలో ఉతికి నీడన ఆరవేయమని ఉంది, అక్షరాలా అలాగే చేశాను. మొదటి ఉతుకు తర్వాత చేతి పొడవు 24.5 అంగుళాలకు వచ్చింది. అక్కడితో ఆగి ఉంటే సహించేవాణ్ణి. ఆ తర్వాత ఉతుకు ఉతుక్కీ కంటికి ఆననంత చొప్పున తగ్గుతూ పోయి, చలికాలం ముగిసేసరికి 24 దగ్గర నిలిచింది. వెనక పొడవు 30 అంగుళాల నుంచి 28.75కు దిగింది. ఛాతీ మాత్రం 22 నుంచి పావు అంగుళమే తగ్గింది. పొడవులో నూటికి నాలుగు, అడ్డంలో నూటికి ఒకటి. పట్టికలో ప్రకటించిన ఒకే ఒక్క కొలత దాదాపు చెక్కుచెదరకుండా ఉంది, ప్రకటించనివన్నీ మారిపోయాయి! తయారీదారుకు ఫిర్యాదు రాస్తే, మీ సైజు ప్రకారం ఛాతీ కొలత సరిగ్గానే ఉంది కదా అని జవాబు వచ్చింది. అది అబద్ధం కాదు, అందుకే నాకు మరింత మంట.

ఆ ఒక్క అంగుళం వాడుకలో ఏం చేస్తుందో చెప్పకపోతే ఇదంతా చాదస్తంగా కనిపించవచ్చు. సైకిల్ హ్యాండిల్ పట్టుకోగానే చేతితొడుగుకూ కఫ్‌కూ మధ్య పట్టీ మేర చర్మం బయటపడుతుంది, చలిగాలి తగిలేది సరిగ్గా అక్కడే. పైన కోటు వేసుకోవాలంటే కఫ్ అంచును నాలుగు వేళ్ళతో పిడికిట్లో బిగించి పట్టుకుని కోటు చేతిలోకి దూర్చాలి. అలా దూర్చినా పిడికిలి వదిలిన కాసేపటికి నూగు కోటు అస్తరుకు పట్టుకుని చొక్కా చేయి పైకి పాకి మోచేయి దగ్గర ఉండలా చేరుతుంది. కోటు విప్పకుండా దాన్ని కిందికి లాగడం కుదరదు. వెచ్చదనం కోసం కొన్న చొక్కా మణికట్లను చలికి వదిలేయడం కంటే నాకు చికాకు పుట్టించేది ఈ మోచేతి ఉండే.

పొడవు ఎక్కువగా, వెడల్పు తక్కువగా కుంచించుకుపోవడం నా చొక్కా ఒక్కదాని దోషం కాదు. మగ్గం మీద పడుగు దారాలు, అంటే గుడ్డ పొడవునా సాగేవి, నేత సాగినంతసేపూ బిగదీసి ఉంటాయి. ఆ తర్వాత నూగు లేపడానికి సన్నటి తీగ మొనలున్న రోలర్ల మీదుగా నడిపేటప్పుడు కూడా గుడ్డను పొడవునే లాగుతారు. నూగు ప్రధానంగా అడ్డంగా సాగే, మెత్తగా వడికిన పేక దారం నుంచి లేస్తుంది, లాగుడును భరించేది పడుగు. నీళ్ళు తగలగానే నూలు పోగులు ఉబ్బి, బలవంతంగా సాగి ఉన్న పడుగు తన సహజమైన పొడవుకు తిరిగి వస్తుంది. చొక్కాలో ఒంటి భాగాన్నీ చేతులనూ పడుగు నిలువుగా వచ్చేలా కత్తిరిస్తారు కనుక తగ్గుదల అంతా వెనక పొడవు మీద, చేతి పొడవు మీద పడుతుంది. ఒకే ఉతుకుతో అంతా తీరిపోదు, లోపల మిగిలిన బిగువు తర్వాతి ఉతుకుల్లో కొంచెం కొంచెంగా వదులుతుంది.

గళ్ళ చొక్కా అయితే ఇది కళ్ళకే కనిపిస్తుంది. నా చొక్కాలో వీపు మీది గళ్ళు నిలువుగా సాగితే, భుజాల మీది యోక్‌లోనూ కఫ్‌ల మీదా అవే గళ్ళు అడ్డం తిరిగి ఉన్నాయి. అంటే ఆ ముక్కల్లో పడుగు భుజం నుంచి భుజానికి, మణికట్టు చుట్టూ పోతోంది. అందుకే ఛాతీ పెద్దగా తగ్గకపోయినా భుజాల వెడల్పు కొద్దిగా దగ్గరపడింది, కఫ్ బిగుసుకుంది. కఫ్ లోపలి గట్టిగుడ్డ పైగుడ్డంతగా కుంచించుకోలేదు కాబట్టి అంచు పొడుగునా సన్నటి ముడతలు లేచాయి. ముందు గుండీల పట్టీ మీదా అదే తీరు: సింథటిక్ కుట్టుదారం తగ్గదు, గుడ్డ తగ్గుతుంది, మిగిలిన దారం కుట్టు వెంట అలలుగా తేలుతుంది. ఇస్త్రీ పెట్టినప్పుడు అణిగి, మళ్ళీ ఉతికితే తిరిగి వస్తుంది. చూపుకు ఇది నాకు పట్టింపు కాదు, కొందరికి కావచ్చు.

దీనికి విరుగుడు కొత్తదేమీ కాదు. ఆరో (Arrow) అనే పేరుతో కాలర్లు, చొక్కాలు తయారుచేసిన సంస్థకు చెందిన శాన్‌ఫర్డ్ క్లుయెట్ గుడ్డను ముందుగానే పొడవు వైపు కుదించి స్థిరపరిచే పద్ధతికి 1930లో పేటెంట్ పొందాడు. శాన్‌ఫరైజ్ అన్న మాట ఆయన పేరు మీదుగానే వచ్చింది. ఆ పద్ధతిలో సరిగ్గా తయారైన గుడ్డ తర్వాత ఉతుకుల్లో తగ్గేది నూటికి ఒకటి లోపే. బరువైన ఫ్లానెల్‌ను గట్టిగా కుదిస్తే నూగు అణిగి, తాకుడులో మెత్తదనం తగ్గే అవకాశం ఉంది కాబట్టి కొందరు కావాలనే వదిలేస్తారేమో, అది వాళ్ళ ఇష్టం. వదిలేసినప్పుడు ఆ తగ్గుదలను కలుపుకుని చేతులు పొడవుగా కత్తిరించాలి, లేదా ఆ మాట చీటీ మీద రాయాలి. నా చొక్కా చీటీలో ఉతికే విధానం ఉంది, ఇస్త్రీ వేడి ఉంది, తగ్గుదల గురించి ఒక్క అక్షరం లేదు.

ఉన్న చొక్కాతో సర్దుకునే మార్గాలు కొన్ని ప్రయత్నించాను. తడిగా ఉన్నప్పుడే భుజం కుట్టును ఒక చేత్తో, కఫ్‌ను మరో చేత్తో పట్టుకుని పొడవున నెమ్మదిగా లాగి, బల్ల మీద పరిచి ఆరబెడితే అర అంగుళం దాకా తిరిగి వస్తుంది. తర్వాతి ఉతుకుతో అది పోతుంది, మళ్ళీ లాగాలి. దర్జీకి చూపిస్తే, కఫ్ దగ్గర వదలడానికి లోపల గుడ్డ లేదని తేల్చేశాడు. ఆయన చేసిన మేలు మరొకటి: బిగుసుకున్న కఫ్ గుండీని అర అంగుళం జరిపి కుట్టాడు. బిగువు కఫ్ ఒకసారి పైకెక్కితే ముంజేతి కండ మీద పట్టుకుని ఉండిపోతుంది, వదులైనది చేయి దించగానే తన బరువుకు తానే జారి వస్తుంది. పొడవు వీసమెత్తు పెరగకపోయినా చికాకు సగం తగ్గింది. ఇంత తక్కువ పనితో ఇంత తేడా వస్తుందని నేను అనుకోలేదు.

కుట్టుపనితో పెద్ద పేచీ లేదన్నాను. పట్టీ అలలు పక్కన పెడితే ఆ మాట ఇప్పటికీ నిజమే, ఒక్క గుండీ ఊడలేదు, కాజాల దారం తెగలేదు. గుడ్డ విషయంలో మాత్రం కొంత తగ్గించి చెప్పాలి. మోచేతుల మీద నూగు అరిగి కింది నేత కనిపిస్తోంది, చేయీ పక్కా రాసుకునే చోట్ల చిన్నచిన్న ఉండలు లేచాయి. వెచ్చదనం నూగులో చిక్కుకున్న గాలి వల్ల వస్తుంది కనుక అరిగిన చోట చలి తెలుస్తుంది. ఒంటికి పట్టేసేంత బిగుతు సైజు తీసుకున్నా నూగు నలిగి అదే ఫలితం ఉంటుంది. అందువల్ల నేను మీడియాన్ని మెచ్చుకున్నానని నాకంటే లావు ఒంటివాళ్ళు చిన్న సైజుకు పోనక్కర్లేదు. లోపల మందపాటి బనీను వేసుకునే అలవాటుంటే చుట్టూ నాలుగు అంగుళాల వదులు చాలదు, ఆరైనా కావాలి.

నేను చెప్పినదంతా నూలు ఫ్లానెల్‌కే వర్తిస్తుంది. ఉన్ని ఫ్లానెల్ కుంచించుకునే తీరు వేరు, వేడికీ రాపిడికీ దాని పోగులు ఒకదానికొకటి పట్టుకుని గుడ్డ అన్ని వైపులా చిక్కబడుతుంది. నా చేతులు ఛాతీ కొలతకు మామూలుగా ఉండేదానికంటే పొడవు, అది కూడా గుర్తుంచుకోవాలి. ఎవరి చేతులు మామూలు పొడవో, ఎవరు ఎప్పుడూ చేతులు మోచేయి దాకా మడిచి వేసుకుంటారో వాళ్ళకు ఈ చొక్కాను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. వాళ్ళకు ఎత్తైన చంక కోత లాభం దక్కుతుంది, నా గోడు అంటదు. నాలాంటివాళ్ళు మాత్రం ఛాతీ అదే ఉంచి చేతులూ వెనక పొడవూ పెంచి కుట్టే టాల్ కొలతలు దొరుకుతాయేమో ముందు చూడాలి. అవి లేకపోతే, ఉతకని చొక్కాలో చేతి పొడవు తమకు కావలసినదానికంటే అంగుళమైనా ఎక్కువ ఉందో లేదో టేపుతో కొలిచి నిర్ణయించుకోవాలి. ఈ తయారీదారు టాల్ కొలతల్లో కుట్టడం మొదలుపెడితే ఇదే గుడ్డతో మళ్ళీ కొంటాను. అప్పటిదాకా ఈ చొక్కానే వేసుకుంటాను, పైన కోటు తప్పని రోజుల్లో తప్ప.