212 సీసీ మినీ బైక్: గవర్నర్ జోలికి పోకుండా ఎంత వేగం వస్తుంది?

అమెరికాలో హార్బర్ ఫ్రైట్ అనే పనిముట్ల దుకాణాల సంస్థ అమ్మే ప్రెడేటర్ 212 ఇంజిన్‌ను మినీ బైక్ ఫ్రేమ్ మీద పెట్టి చాలా కాలంగా వాడుతున్నాను. ముందే తేల్చి చెప్పేస్తాను. వేగం కోసం మొదట డబ్బు పెట్టాల్సింది ఇంజిన్ లోపల కాదు, చైన్ దగ్గరా బ్రేకు దగ్గరా. మూడోది కార్బురేటర్, సైలెన్సర్. ఇంజిన్ తిరుగుడు ఒక హద్దు దాటకుండా ఆపే గవర్నర్‌ను తీసేయడం అన్నిటికన్నా చివరి మాట, చాలామందికి ఆ అవసరమే రాదు.

ఈ ఇంజిన్ మనవాళ్లకు కొత్తది కాదు. ఆంధ్రలో, తెలంగాణలో నీళ్ల పంపులకు, పవర్ వీడర్లకు వాడే హోండా జీఎక్స్ 200 నమూనాకు ఇది క్లోన్. హోండాది 68 మి.మీ. బోరు (సిలిండర్ వెడల్పు), 54 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), 196 సీసీ. దీనిది 70 మి.మీ. బోరు, 55 మి.మీ. స్ట్రోకు, 212 సీసీ. రెండూ గంటల తరబడి ఒకే వేగంతో, నిమిషానికి 3,600 తిరుగుళ్ల దగ్గర తిరగడానికి తయారైనవే. పంపుకు అది చాలు. బైకుకు మాత్రం కింది వేగంలో లాగుడు కావాలి, పైన వేగమూ కావాలి. ఆ తేడాను ఇంజిన్‌ను చీల్చి కాకుండా గేర్ నిష్పత్తితో పూడ్చుకోవచ్చు.

కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. ప్రెడేటర్ 212లో హెమీ (లోపల అర్ధగోళంలా ఉండేది), నాన్ హెమీ అని రెండు రకాల సిలిండర్ హెడ్లు ఉన్నాయి. రాడ్డు, వాల్వు స్ప్రింగులు, కార్బురేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే జెట్లు లాంటివి ఒకదానివి ఇంకోదానికి సరిపోతాయని నమ్మి ఆర్డర్ పెట్టకూడదు, మీది ఏ రకమో తేల్చుకున్నాకే విడిభాగాలు కొనాలి. రేసింగ్ కార్టుల కోసం అమ్మే ప్రెడేటర్ గోస్ట్ ఇంజిన్ వేరే సరుకు, ఇక్కడ రాసింది దానికి వర్తించదు.

లెక్కతో మొదలుపెడదాం. మినీ బైకుల మీద తరచుగా కనిపించే 19 అంగుళాల టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు ఒకటిన్నర మీటర్లు ముందుకు పోతుంది. క్లచ్ మీద 10 పళ్లు, వెనక స్ప్రాకెట్‌కు (చైన్ పళ్ల చక్రానికి) 60 పళ్లు ఉంటే నిష్పత్తి 6. ఇంజిన్ 3,600 తిరిగితే చక్రం 600 తిరుగుతుంది, అంటే గంటకు 54 కిలోమీటర్లు, 34 మైళ్లు. వెనక 50 పళ్లది వేస్తే నిష్పత్తి 5 అవుతుంది, అదే ఇంజిన్ వేగానికి లెక్క ప్రకారం గంటకు 65 కిలోమీటర్లు, 40 మైళ్లు. టైరు బరువుకు అణగడం, గాలి అడ్డు, క్లచ్ జారడం కలిసి ఇందులో కొంత తినేస్తాయి. అయినా ఇంజిన్‌లో ఒక్క బోల్టు కూడా విప్పకుండా వచ్చే వేగం ఇదే. స్ప్రాకెట్ కొనే ముందు మీ రెండు వైపుల పళ్లూ లెక్కపెట్టి, టైరు చుట్టుకొలత టేపుతో కొలుచుకుని ఈ లెక్క వేసుకోండి. చైన్ సైజు కూడా చూడాలి. 420 చైన్‌కు పిచ్ (పిన్ను నుంచి పిన్నుకు దూరం) 12.7 మి.మీ., 35 చైన్‌కు 9.5 మి.మీ., ఒకదాని స్ప్రాకెట్ మీద రెండోది కూర్చోదు.

అయితే వెనక పళ్లు తగ్గించిన కొద్దీ క్లచ్ మీద భారం పెరుగుతుంది. ఈ బైకులకు వచ్చే సెంట్రిఫ్యూగల్ క్లచ్, అంటే ఇంజిన్ వేగం పెరిగితే తనంతట తానే పట్టుకునేది, సుమారు 2,000 తిరుగుళ్ల దగ్గర పట్టుకుంటుంది. నిష్పత్తి 5 చేశాక మట్టిలో నెమ్మదిగా నడిపినా, గట్టు ఎక్కించినా క్లచ్ పూర్తిగా పట్టక జారుతూనే ఉంటుంది. ముందు కాలిన వాసన వస్తుంది, తర్వాత డ్రమ్ము నీలం రంగుకు తిరుగుతుంది, చివరికి ఐడిల్‌లో కూడా బండి ముందుకు లాగుతుంది. డ్రమ్ము నీలం తిరిగిందంటే ఆ క్లచ్ మార్చేయాల్సిందే.

అందుకే ఈ మొత్తం వ్యవహారంలో పెట్టిన డబ్బుకు బాగా న్యాయం చేసింది 30 సిరీస్ టార్క్ కన్వర్టర్ అని నా అభిప్రాయం. మన స్కూటీల్లో ఉండే బెల్టు పద్ధతే. కదిలేటప్పుడు సుమారు 2.7 నిష్పత్తి, వేగం అందుకున్నాక 0.9. దాని తర్వాత 10, 60 పళ్ల చైన్ పెడితే మొదట్లో మొత్తం నిష్పత్తి 16 పైచిలుకు, పైన 5.4. అంటే గట్టు ఎక్కడానికి పాత క్లచ్ కంటే రెండున్నర రెట్లకు పైగా లాగుడు, చదును నేల మీద లెక్క ప్రకారం గంటకు 60 కిలోమీటర్లు. ఒకే మార్పుతో రెండూ దక్కుతాయి.

బిగించేటప్పుడు శ్రద్ధ పెట్టాల్సినవి చెప్తాను. ఇంజిన్ షాఫ్టు 19 మి.మీ., అంటే ముప్పావు అంగుళం. దాని చివర బోల్టు మర 5/16-24, మెట్రిక్ బోల్టు తోస్తే మర పాడవుతుంది. బెల్టు ఒక వైపు నిటారుగా, ఇంకో వైపు వాలుగా ఉంటుంది. నిటారు వైపు ఇంజిన్ వైపుకు రావాలి, తిప్పి వేస్తే బెల్టు కొద్ది గంటల్లోనే అంచులు చీలి పోగులు పోగులవుతుంది. డ్రైవర్ పుల్లీ లోపలి కంచు బుష్‌కు పొడి గ్రాఫైట్ లూబ్రికెంటే వాడాలి. గ్రీజు రాస్తే దుమ్ము పట్టి పుల్లీ బిగుసుకుంటుంది, జారి బెల్టు మీద పడితే బెల్టు జారుతుంది. కన్వర్టర్ పెట్టాక చైన్ వరుస మారుతుంది కాబట్టి ఇంజిన్‌ను పక్కకు జరపాల్సి రావచ్చు. రెండు స్ప్రాకెట్ల పక్కన పొడవాటి ఇనుప స్కేలు ఆనించి సూటిగా ఉన్నాయో లేదో చూడండి. చైన్ మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం ఆడాలి, అంతకు మించి బిగించకూడదు. బెల్టు మీద కవరు లేకుండా మాత్రం నడపవద్దు, తెగిన బెల్టు తగిలేది కాలికే.

కొన్ని మినీ బైకుల్లో థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోకుండా ఒక చిన్న స్టాప్ స్క్రూ పెడతారు. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి, కార్బురేటర్ మీది లీవర్ చివరిదాకా వెళ్తోందో లేదో కంటితో చూడండి. కేబుల్ సాగిపోయి సగమే తెరుచుకునే బండ్లూ ఉంటాయి. పైసా ఖర్చు లేని పని ఇది.

ఇక గాలి, పొగ. స్టేజ్ 1 పేరుతో అమ్మే కిట్‌లో తెరిచిన ఎయిర్ ఫిల్టర్, దానికి అడాప్టర్, ఎగ్జాస్ట్ పైపు, పెద్ద మెయిన్ జెట్ ఉంటాయి. చాలామంది ఫిల్టరూ పైపూ వేసి జెట్ పక్కన పెట్టేస్తారు. ఇంజిన్‌ను చంపేది ఆ పనే. గాలి పెరిగి పెట్రోలు పెరగకపోతే మంట వేడెక్కుతుంది, ఎగ్జాస్ట్ వాల్వు కాలుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. కంపెనీ నుంచి వచ్చే జెట్ ఉద్గారాల నియమాల కోసం అసలే పెట్రోలు తక్కువ వదిలే రకం. కిట్లలో సాధారణంగా 0.036 నుంచి 0.038 అంగుళాల జెట్ వస్తుంది. డ్రిల్ బిట్‌తో పాత జెట్ రంధ్రం పెద్దది చేయడం కంటే తయారైన జెట్ కొనడమే మంచిది. చేత్తో తొలిచిన రంధ్రం గుండ్రంగా రాదు, తర్వాత కొలతా తెలియదు.

పని కష్టమేమీ కాదు. ఇంజిన్ చల్లారాక పెట్రోలు ట్యాపు కట్టేయండి. కార్బురేటర్ కింద గిన్నెకున్న 10 మి.మీ. బోల్టు విప్పితే గిన్నె దిగుతుంది, మధ్య స్తంభంలో మెయిన్ జెట్ కనిపిస్తుంది. సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ వాడండి, ఇత్తడి గాడి చాలా మెత్తన. కార్బురేటర్‌ను ఇంజిన్ నుంచి విప్పితే నల్ల ఇన్సులేటర్‌కు రెండు వైపులా ఉండే గ్యాస్కెట్ల వరుస ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ఒకటి తిరగబడితే అక్కడ గాలి దూరి, కొత్త జెట్ వేసినా ఐడిల్ ఎగుడుదిగుడుగా ఉంటుంది, కారణం జెట్ అనుకుని తిప్పలు పడాలి.

జెట్ సరిపోయిందో లేదో చెప్పడానికి రెండు పరీక్షలు చాలు. పూర్తి థ్రాటిల్‌లో నడుస్తున్నప్పుడు చోక్ కొంచెం వేయండి. ఇంజిన్ ఊపందుకుంటే పెట్రోలు తక్కువైంది, పెద్ద జెట్ కావాలి. గునిసి నల్ల పొగ వదిలితే ఎక్కువైంది. రెండోది ప్లగ్. పూర్తి థ్రాటిల్‌లో కాసేపు నడిపి అక్కడికక్కడే ఇంజిన్ ఆపి, చల్లారాక ప్లగ్ విప్పి చూడండి. తెల్లగా ఉంటే ప్రమాదం, మసి పట్టి ఉంటే పెట్రోలు వృథా, లేత గోధుమ రంగు సరైనది. డెన్వర్ లాంటి ఎత్తు ఊళ్లలో గాలి పలచన కాబట్టి హ్యూస్టన్‌లో సరిపోయిన జెట్ అక్కడ ఎక్కువవుతుంది. పెట్రోలు మామూలు 87 ఆక్టేన్ చాలు. కంప్రెషన్ పెంచని ఇంజిన్‌లో 93 పోసినా శక్తి పెరగదు.

స్టేజ్ 1 తర్వాత పై వేగం పెద్దగా మారదు, ఎందుకంటే గవర్నర్ ఇంకా 3,600 దగ్గరే పట్టి ఉంచుతుంది. మారేది ఆ వేగాన్ని ఎంత త్వరగా అందుకుంటుందన్నది, బరువైన మనిషి కూర్చున్నప్పుడు దాన్ని నిలబెట్టుకోవడం. పైపు విషయంలో మాత్రం ఒక మాట. మఫ్లర్ లేని ఖాళీ పైపు పక్కింటివాళ్లతో గొడవ తెస్తుంది, అడవి ప్రాంతాల్లో నిప్పురవ్వలు ఆపే స్పార్క్ అరెస్టర్ లేకపోతే లోపలికే రానివ్వరు. కాలికి తగిలే వైపు పైపు మీద రేకు కవచం ఉండాలి.

గవర్నర్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఇది కేవలం వేగం తగ్గించే అడ్డంకి అని అనుకోవడం వల్లే ప్రమాదాలు జరుగుతాయి. ఇంజిన్‌కు వచ్చే కనెక్టింగ్ రాడ్డు, పోత ఇనుప ఫ్లైవీల్ (ఇంజిన్ పక్కన తిరిగే బరువైన చక్రం) 3,600 కోసం తయారైనవి. తిరిగే వస్తువు మీద లాగుడు వేగం వర్గంతో పెరుగుతుంది. 3,600 నుంచి 5,400కు పోతే వేగం ఒకటిన్నర రెట్లు, ఫ్లైవీల్ అంచును బయటికి లాగే బలం రెండుంపావు రెట్లు. రాడ్డు పిస్టన్‌ను పైనుంచి వెనక్కు లాగే బలమూ అంతే పెరుగుతుంది. రాడ్డు తెగితే క్రాంక్‌కేసుకు చిల్లు పడుతుంది, నూనె వెనక టైరు మీద పడి బండి జారుతుంది. ఫ్లైవీల్ పగిలితే పలచటి రేకు కవరు దాన్ని ఆపలేదు. అది తిరిగేది మీ తొడ ఎత్తులో, మీ కాలి పక్కన.

గవర్నర్ ఉంచి, స్ప్రింగు సర్దుబాటుతో కొంత పైకి జరుపుకోవడం వేరు. హోండా తన జీఎక్స్ 200కు భారం లేనప్పుడు అనుమతించే గరిష్ఠ వేగం 3,850, అటూ ఇటూ 150. క్లోన్‌ను కూడా ఆ హద్దులోనే ఉంచండి. తిరుగుళ్లు లెక్కపెట్టి చూపే, ప్లగ్ వైరుకు చుట్టే చిన్న టాకోమీటర్ చవకగా దొరుకుతుంది, అది లేకుండా చెవితో విని వేగం అంచనా వేయొద్దు.

గవర్నర్‌ను తీసే తీరాలనుకుంటే ముందు బిల్లెట్ (ఒకే లోహపు దిమ్మ నుంచి చెక్కిన) రాడ్డు, బిల్లెట్ ఫ్లైవీల్ వేయాలి, ఆ తర్వాతే గవర్నర్ తీయాలి. ఈ వరుస మార్చకూడదు. పక్క కవరు విప్పితే లోపల ప్లాస్టిక్ గేరు ఉంటుంది, దాన్ని తీశాక గవర్నర్ చెయ్యి బయటికొచ్చే రంధ్రాన్ని నూనె కారకుండా మూయాలి. రాడ్డు బోల్టులను రాడ్డు తయారీదారు చెప్పిన టార్క్‌కే బిగించాలి, హోండా 12 న్యూటన్ మీటర్లు దానికి పనికిరాదు. బేరింగ్ ఖాళీని ప్లాస్టీగేజ్‌తో (నలిగిన వెడల్పును బట్టి ఖాళీ చెప్పే సన్నని ప్లాస్టిక్ పోగు) కొలవాలి. రాడ్డు కింద నూనె చిమ్మే చెంచా లాంటి భాగం ఉందో లేదో చూడండి, ఈ ఇంజిన్‌కు ఆయిల్ పంపు లేదు, ఆ చిమ్మడమే ఆధారం. ఫ్లైవీల్ కూర్చునే ఏటవాలు భాగం నూనె లేకుండా తుడిచి, నట్టు 75 న్యూటన్ మీటర్లకు బిగించాలి. వదులైతే ఫ్లైవీల్‌ను షాఫ్టుకు పట్టి ఉంచే చిన్న కీ తెగి టైమింగ్ తప్పుతుంది. కాయిల్‌కు, ఫ్లైవీల్‌కు మధ్య 0.4 మి.మీ. ఖాళీ. ఎక్కువ వేగంలో వాల్వులు సమయానికి మూసుకోక తేలిపోకుండా 18 పౌండ్ల స్ప్రింగులు. ఇదంతా కలిపితే ఇంజిన్ ధర దాటిపోతుంది. రేసు ట్రాక్ కోసమైతే సరే, తోటలో తిరగడానికి నేను సిఫారసు చేయను.

బ్రేకు గురించి ఇంత మాట్లాడేవాళ్లు తక్కువ, అందుకే గట్టిగా చెప్తున్నాను. చాలా మినీ బైకులకు వెనక చక్రానికే ఒక్క బ్రేకు, ముందు షాకులు ఉండవు. గంటకు 35 కిలోమీటర్ల నుంచి 53కు పోతే ఆగడానికి పట్టే దూరం రెండు రెట్లు దాటుతుంది. స్ప్రాకెట్ మార్చే ముందే వెనక హైడ్రాలిక్ డిస్కు పెట్టించండి. చేతికి తాడుతో కట్టుకునే కిల్ స్విచ్ తప్పనిసరి, మనిషి పడితే ఇంజిన్ ఆగాలి. హెల్మెట్, బూట్లు సరేసరి. పిల్లలు నడిపే బండి అయితే ఈ మార్పులేవీ వద్దు.

చట్టం విషయం కూడా తెలుసుకోవాలి. వీటికి రోడ్డు అనుమతి లేదు, సొంత స్థలంలో లేదా అనుమతి ఉన్న ట్రాక్‌లోనే నడపాలి. ఉద్గారాల ధ్రువీకరణ ఉన్న కార్బురేటర్‌ను మార్చడం ఫెడరల్ నియమాలకు విరుద్ధం కావచ్చు, కాలిఫోర్నియాలో మరీ కఠినం, వారంటీ ఎలాగూ పోతుంది.

మార్పుల తర్వాత నిర్వహణ కూడా మారాలి. నూనె 10డబ్ల్యూ-30, అర లీటరు పైచిలుకు. కొత్త ఇంజిన్‌లో మొదటి నూనెను రెండు మూడు గంటల నడక తర్వాత పారబోయండి, వెండి పొడిలా లోహపు రజను కనిపిస్తుంది. వాల్వు ఖాళీలు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, పిస్టన్ కంప్రెషన్ పై చివర ఉంచి, ఫీలర్ గేజ్‌తో చూడండి. కొలత ఎంతో మీ ఇంజిన్ మాన్యువల్‌లో చూసుకోండి. ఎగ్జాస్ట్ ఖాళీ తరచూ తగ్గిపోతుంటే వాల్వు సీటు అరుగుతోందన్నమాట, అంటే జెట్ చిన్నదై ఉండవచ్చు. ఇంజిన్ పట్టె బోల్టులకు నీలం లోక్‌టైట్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) రాయండి. ప్రతి పెట్రోలు ట్యాంకుకు ఒకసారి ఇంజిన్ కింది పట్టె వెల్డింగుల చుట్టూ గుడ్డతో తుడిచి చూడండి. పగులు మొదలైతే మొదట పెయింట్‌లో వెంట్రుకంత గీత, దాని వెంట తుప్పు రంగు కనిపిస్తాయి. అప్పుడు బండి ఆపి, ఇంజిన్ దించి, వెల్డింగ్ చేయించాకే మళ్లీ ఎక్కాలి.