నడుము జారిన సైనికుడికి ఆటోనగర్ రింగు: చవక బొమ్మలతో ముప్పై ఏళ్ళు

మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు హాల్లో అద్దాల అలమార చూసి "పాప బొమ్మలా?" అంటారు. పాపవి కింది అరలో ఉంటాయి. పై మూడు అరలూ నావి. ఆ మాట చెప్పగానే వాళ్ళు మా ఆవిడ వంక జాలిగా చూస్తారు. ఆవిడ కాఫీ వంకతో లోపలికి వెళ్ళిపోతుంది.

నాకు నలభై ఒకటి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల కొట్లో లెక్కలు రాస్తాను. ఒక్క బొమ్మకి ఐదొందలు దాటకూడదని పెళ్ళయిన కొత్తలో ఇంట్లో ఒప్పందం అయింది. ఇప్పటికి రెండుసార్లు తప్పాను, బయటపడింది ఒకటే. కాబట్టి ఇక్కడ రాసేదంతా చవక సరుకు గురించే. వేలు పోసి తెప్పించుకునే జపాను బొమ్మల్ని నేను అద్దం బయటి నుంచి చూడడమే.

అన్నిటికన్నా పాతవాడు జి.ఐ. జో సైనికుడు. అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ 1982లో మూడు ముప్పావు అంగుళాల సైజులో మొదలుపెట్టిన వరస ఇది. మన దేశంలో ఫన్‌స్కూల్ వాళ్ళు తయారుచేసి అమ్మేవారు. నా నాలుగో తరగతి దసరా సెలవుల్లో నాన్న చెప్పులు కొనుక్కుందామని నన్ను వెంటబెట్టుకుని బీసెంట్ రోడ్డుకి వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు ఆయన కాళ్ళకి పాత చెప్పులే, నా చేతిలో సైనికుడు. చెప్పులు దీపావళికి వాయిదా పడ్డాయి.

అట్ట వెనకాల ఆ సైనికుడి పుట్టుపూర్వోత్తరాలు అచ్చేసి ఉండేవి. అసలు పేరు, పుట్టిన ఊరు, దేంట్లో దిట్ట, అన్నీ. కత్తిరించి దాచుకోవడానికి చుట్టూ గీత కూడా. వాటిలో చాలామటుకు రాసింది లారీ హామా అనే కామిక్స్ రచయిత అని పెద్దయ్యాక తెలిసింది. అప్పట్లో నా ఇంగ్లీషు అంతంతమాత్రం. పక్కింటి కాన్వెంటు కుర్రాడు చదివి అర్థం చెప్పేవాడు. మావాడు చిన్నప్పుడే పులిని చంపాడని చెప్పాడు. అందులో పులి ఊసే లేదని ఇంటర్‌లో చదువుకుంటే తెలిసింది.

ఈ బొమ్మ పనితనం పైకి కనపడదు. వీపు మీద ఒకటే స్క్రూ ఉంటుంది. అది విప్పితే ఒళ్ళు ముందు చెక్క, వెనక చెక్కగా విడిపోతుంది. లోపల నల్లటి రబ్బరు రింగు ఒకటి. దాని ఒక కొస ఛాతీ లోపల తగులుకుని ఉంటుంది, రెండో కొస కాళ్ళని కలిపే ఇనప కొక్కేన్ని పట్టుకుని ఉంటుంది. మనిషి మొత్తం ఆ రింగు బిగువు మీదే నిలబడతాడు. నడుము తిరుగుతుంది, వంగుతుంది, మోకాళ్ళూ మోచేతులూ మడుస్తాడు. 1983 నుంచి మోచేతి పైన చెయ్యి పక్కకి తిరిగే ఏర్పాటు కూడా పెట్టారు, దాంతో రెండు చేతుల్తోనూ తుపాకీ పట్టుకోగలిగాడు. ఇవాళ దొరికే అడుగెత్తు చవక హీరో బొమ్మల్ని చూడండి. మెడ, రెండు భుజాలు, రెండు తుంటి కీళ్ళు, అంతే కదిలేది. మోకాలు మడవని వీరుడు కుర్చీలో కూర్చుంటే కాళ్ళు బార్లా చాపి కూర్చోవాల్సిందే.

అయితే రబ్బరు రబ్బరే. పాతికేళ్ళయ్యేసరికి ఎండి తెగిపోతుంది. ఒకరోజు దుమ్ము తుడుద్దామని మావాణ్ణి ఎత్తితే నడుము పైభాగం నా చేతిలోకి వచ్చింది, కాళ్ళు అలమారలో ఉండిపోయాయి. అమ్మ చూసి, "నాలాగే వాడికీ నడుం పోయిందిరా" అంది.

మర్నాడు వాణ్ణి జేబులో పెట్టుకుని మా కొట్టుకి నాలుగు కొట్ల అవతల ఆయిల్ సీళ్ళూ ఓ-రింగులూ అమ్మే ఆయన దగ్గరికి వెళ్ళాను. తెగిన రింగు బల్ల మీద పెట్టాను.

"ఏ బండికండీ?"

"బండికి కాదండీ, బొమ్మకి."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, సైనికుణ్ణి అటూ ఇటూ తిప్పి, ఏమీ అనకుండా నాలుగు డబ్బాలు దింపాడు. ఒక్కో రింగూ వేసి చూసి, "ఇది మరీ బిగువు, ఇది వదులు" అంటూ పావుగంట కూర్చున్నాడు. ఎదురుగా హైడ్రాలిక్ జాకీ పట్టుకుని నిలబడ్డ మెకానిక్ గొణుగుతూనే ఉన్నాడు. చివరికి ఒకటి సరిపోయింది. రెండు రూపాయలు. ఒక్కటి అమ్మనన్నాడు, పది తీసుకున్నాను. మీరు కూడా చేయదలిస్తే ఒక్క జాగ్రత్త: బిగువుగా ఉంటే గట్టిగా నిలబడతాడని లావు రింగు వెయ్యకండి, తొడల మధ్య ముక్క చిట్లుతుంది, దానికి మందు లేదు. తుపాకీ పట్టించేటప్పుడు చేతివేళ్ళని బలవంతపెట్టొద్దు. మావాడి కుడి బొటనవేలు ఆరో తరగతిలో మా వీధి ఇసకకుప్ప మీద జరిగిన యుద్ధంలో పోయింది.

ఫన్‌స్కూల్ సైనికుల్లో కొందరి బట్టల రంగులు అమెరికా వాటికి తేడాగా ఉంటాయి. ఆ వింత రంగుల కోసమే బయటిదేశాల సేకర్తలు మన దగ్గరివాటిని వెతుకుతారు. కనక మీ అటక మీద పాత ట్రంకు పెట్టె ఉంటే పాతసామాన్లవాడికి కిలోల లెక్కన వేసెయ్యకుండా ఒకసారి మూత తీసి చూడండి.

ఇక మన ఊరి ఎండ. రోహిణీ కార్తెలో మనుషులకే నిలబడే ఓపిక ఉండదు, మెత్తటి ప్లాస్టిక్ కాళ్ళకి ఎక్కడిది? సన్నటి కాళ్ళ మీద బరువంతా మోపే బొమ్మలు మే నెలలో మెల్లగా ముందుకు వాలతాయి. గిన్నెలో వేణ్ణీళ్ళు పోసి కాలు ముంచి, మెత్తబడ్డాక తిన్నగా చేసి, వెంటనే చల్లనీళ్ళలో పెడితే మళ్ళీ నిలబడతాయి. మళ్ళీ ఏడాది మళ్ళీ అదే తంతు. కిటికీ ఎండ తగిలే చోట తెల్ల బొమ్మలు పెడితే పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టవుతాయి.

ఎండకన్నా దొంగ శత్రువు ఇంకోటుంది. చిన్నప్పుడు కంపాస్ బాక్సులో రబ్బరూ ప్లాస్టిక్ స్కేలూ ఒకదాని మీద ఒకటి ఉండిపోతే సెలవుల తర్వాత కరుచుకుపోయి, విడదీస్తే స్కేలు మీద గుంట పడేది గుర్తుందా? బొమ్మల్లోనూ అదే. మెత్తటి పి.వి.సి. ప్లాస్టిక్‌లో మెత్తదనం కోసం కలిపే రసాయనం మెల్లగా బయటికి ఊరి పక్కనున్న గట్టి ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. నేను ఒక బొమ్మని జీపులో కూర్చోబెట్టి మూడేళ్ళు మర్చిపోయాను. ఇప్పుడు జీపు సీట్లో వాడి పిర్రల ముద్ర శాశ్వతం. బొమ్మకీ బండికీ మధ్య చిన్న కాయితం ముక్క పెడితే చాలు.

హాట్‌వీల్స్ కార్ల గురించి రాయకపోతే ఊరుకోరు కదా. మాటెల్ కంపెనీ 1968లో పదహారు కార్లతో మొదలెట్టిన వరస. నేను కొనడం మొదలుపెట్టినప్పుడు వంద లోపు ఉండేది, ఇప్పుడు వంద దాటింది. ఇంత డబ్బుకి లోహపు ఒళ్ళు, తిన్నగా దొర్లే చక్రాలు ఇంకెక్కడా రావు. అందరూ పొరబడేది కారు అడుగున ఉండే సంవత్సరం దగ్గర. అక్కడ ఏ ఏడు అని ఉంటే కారు ఆ ఏడాదిది అనుకుంటారు. అది ఆ అచ్చు రూపం మీద హక్కు తీసుకున్న సంవత్సరం, మీ చేతిలోని కారు నిన్న చేసింది కావచ్చు. "పాత కారు సార్, అడుగున చూడండి" అంటూ ఒకాయన నాకు ఆరొందలకి అంటగట్టాడు. (ఒప్పందం తప్పిన రెండుసార్లలో బయటపడనిది ఇదే.)

1995 నుంచి కొట్లకి పంపే ఈ కార్ల పెట్టెల్లో ట్రెజర్ హంట్ అని అరుదైనవి కొన్ని కలుపుతున్నారు. 2007 నుంచి వాటిలో ఇంకో మెట్టు పైన సూపర్ ట్రెజర్ హంట్ వచ్చింది. రబ్బరు టైర్లు, లోపల్నించి వెలిగినట్టుండే రంగు, ఒంటి మీద టి.హెచ్. అనే చిన్న అక్షరాలు, ఇవీ గుర్తులు. అవి దొరకాలంటే అదృష్టం కన్నా పొద్దున్నే లేచే అలవాటు ముఖ్యం. కొత్త సరుకు దిగిన రోజున మనం వెళ్ళేసరికి పెట్టె అడుగున స్కూలు బస్సూ చెత్తబండీ తప్ప ఏమీ ఉండవు. ఎక్కడికి పోయాయంటే, కొట్టు తెరవకముందే చేతులు మారి, వారానికల్లా ఫోన్లో నాలుగింతల ధరకి కనపడతాయి. పదేళ్ళలో నాకు దొరికిన సూపర్లు సున్నా. చెత్తబండ్లు మాత్రం మూడున్నాయి, బాగున్నాయి కూడా.

అదే డబ్బుకో ఇంకా తక్కువకో సెంటీ అనే కంపెనీ వాళ్ళ ప్లాస్టిక్ బండ్లు వస్తాయి. వెనక్కి లాగి వదిలితే ఉరికేవి. అంబాసిడర్, ఆటో, మన రోడ్ల మీద చూసిన బండ్లు. మా పాప ఓటు వీటికే, ఎందుకంటే తలుపులు లేని ఆటోలో బొమ్మని కూర్చోబెట్టడం తేలిక.

తిరణాల సరుకు వేరే లోకం. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలప్పుడు కొండ కింద దారి పొడుగునా కొట్లు పెడతారు. ఒకే అట్ట మీద ఐదుగురు హీరోలు నూటయాభైకి. స్పైడర్‌మ్యాన్‌కి గబ్బిలం రెక్కలు, ఆకుపచ్చ రాక్షసుడికి నీలం నిక్కరు, చేతిలో డాలు. అట్ట మీద ఇంగ్లీషు ఏ దేశంలోనూ మాట్లాడని ఇంగ్లీషు. తల గట్టిగా తిప్పితే ఊడి వస్తుంది, మళ్ళీ నొక్కితే పడుతుంది, అదొక సదుపాయం అనుకోవాలి. రంగు చేతికి అంటుతుంది. నాకు ఇవంటే చెప్పలేనంత ఇష్టం, ఇంతకన్నా ఊహాశక్తి అసలు బొమ్మల్లో లేదు.

కానీ పాపకి ఇవ్వను. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేశారు. అంతకుముందు ఏడాదే దిగుమతి సుంకం ఇరవై శాతం నుంచి అరవైకి పెంచారు, 2023లో డెబ్బై చేశారు. ఆ దెబ్బకి ఈ ఐదుగురు హీరోల అట్టలు బాగా తగ్గాయి. ఉన్నవాటి మీద గుర్తు ఉండదు, రంగులో ఏం కలిపారో చెప్పేవాడుండడు. నోట్లో పెట్టుకునే పిల్లలున్న ఇంట్లోకి అవి వద్దు. నా అలమారకి తాళం ఉంది కాబట్టి నాకు పర్వాలేదు.

2024 సెప్టెంబరు 1 పొద్దున బుడమేరు నీళ్ళు వచ్చినప్పుడు మాది సింగ్‌నగర్‌లో కింద వాటా. నిద్ర లేచేసరికి గుమ్మంలో, పళ్ళు తోముకునేసరికి మోకాళ్ళ దాకా. అమ్మనీ పాపనీ సర్టిఫికెట్లనీ పై వాటాకి చేర్చేసరికి నడుము లోతు. బొమ్మలు తలపుకి కూడా రాలేదు. వారం పైన పైవాళ్ళింట్లో ఉండి, కిందికి దిగితే అలమార బోర్లా పడి ఉంది.

సీలు తియ్యకుండా అట్టతో సహా దాచినవి నలభై ఏడు. ఎప్పటికైనా ధర పలుకుతాయని వాటిని మా పాపని ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు. అట్టలన్నీ నాని ముద్దయ్యాయి. ప్లాస్టిక్ బుడగల్లోకి బురదనీళ్ళు చేరి, లోపల కార్లు నల్లటి పులుసులో తేలుతున్నాయి. విప్పి ఆడుకున్నవి మాత్రం బక్కెట్లో సబ్బునీళ్ళు పోసి, పాత పళ్ళబ్రష్‌తో రుద్దితే ఒక ఆదివారంలో తేటపడ్డాయి. కార్ల ఇరుసులు తుప్పుపట్టి బిగుసుకుపోతే తలా ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేశాను. ముప్పావు వంతు కార్లకి చక్రాలు మళ్ళీ తిరిగాయి. అట్టల్లోంచి తీసిన నలభై ఏడింటినీ కూడా అలాగే కడిగి పాపకి ఇచ్చేశాను. అది మూడు రోజులు బడికి వెళ్ళనని పేచీ పెట్టింది.

అందరికన్నా దెబ్బతిన్నది అమ్మ కొండపల్లి ఏనుగు అంబారీ. తెల్లపొణికి కర్ర తేలిక, ఎక్కడిదాకా తేలిపోయిందో వంటింట్లో గ్యాస్ బండ వెనక దొరికింది, అతుకులు వదిలేసి. కొండపల్లి తీసుకెళ్తే అక్కడాయన అతికి, రంగులేసి ఇచ్చాడు. సంక్రాంతి బొమ్మల కొలువులో అది మళ్ళీ పైమెట్టు ఎక్కింది. కింది మెట్టు మీద కాపలాకి, ఎప్పటిలాగే, అమ్మ నా సైనికుణ్ణి నిలబెట్టింది.

వాడి స్క్రూ తుప్పుపట్టింది. కిరసనాయిల్ చుక్క వేసి రాత్రంతా ఉంచితే వదిలింది. రింగు కొత్తది మార్చాను. పదింటిలో మా వాళ్ళకి నాలుగు పోగా ఆరు రింగులు గోళీల డబ్బాలో మిగిలాయి. చుట్టుపక్కల ఎవరికైనా నడుము జారిన సైనికుడుంటే ఆటోనగర్ వైపు వచ్చినప్పుడు తీసుకురండి. కొలత తెలిసిందే కాబట్టి ఈసారి మెకానిక్‌ని కాచుకోబెట్టక్కర్లేదు.