మొటిమల మందు వాడుతున్నారా? మాయిశ్చరైజర్ బదులు కౌంటర్లో ఇచ్చే ట్యూబుతో జాగ్రత్త

గుంటూరు, విజయవాడల్లో మొటిమలకి ఐసోట్రెటినాయిన్ క్యాప్సూళ్ళు వాడుతున్నవాళ్ళకీ, పిల్లలు వాడుతుంటే వాళ్ళ అమ్మానాన్నలకీ ఈ మాట. ముఖం పొడిబారిందని మెడికల్ షాపుకి వెళ్ళినప్పుడు, డాక్టరు రాసిన మాయిశ్చరైజర్ లేదని, "ఇదీ అదేనండి, ఇంకా బాగా పనిచేస్తుంది" అంటూ చిన్న ట్యూబు చేతిలో పెడితే తీసుకోకండి. మా చెల్లికి అలాగే అంటగట్టారు. ఆ ట్యూబు చేసిన పని ఇంకా పూర్తిగా తగ్గలేదు.

తను గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. గడ్డం మీదా బుగ్గల మీదా లోతుగా గడ్డలు కట్టే రకం మొటిమలు. మామూలు ఆయింట్‌మెంట్లతో లొంగకపోతే స్కిన్ డాక్టరు ముందు రక్తపరీక్షలు చేయించి, లివరు, కొవ్వు రిపోర్టులు చూసుకుని ఈ క్యాప్సూల్ మొదలుపెట్టారు. పెదవులు ఎండిపోతాయి, చర్మం పొడిబారుతుంది, కంగారుపడొద్దని అప్పుడే చెప్పారు. వాసన లేని మామూలు మాయిశ్చరైజర్, లిప్ బామ్, సన్‌స్క్రీన్ చీటీలో రాసిచ్చారు కూడా. అసలు ఈ మందు పనే చర్మంలోని నూనె గ్రంథుల్ని కుదించడం. నూనె తగ్గితేనే మొటిమ తగ్గుతుంది, నూనె తగ్గితే చర్మం ఎండుతుంది. వాడేవాళ్ళలో పెదవులు ఎండని మనిషి దాదాపు ఉండరు. కాబట్టి పొడిబారడం కొత్త జబ్బేమీ కాదు, దానికి ఇంకో మందు అక్కర్లేదు. పైన తేమ నిలిపే పూత చాలు.

డాక్టరు రాసిన మాయిశ్చరైజర్ ఖరీదు దాదాపు 500. హాస్టల్ దగ్గరి షాపులో కౌంటర్ మీదున్న అబ్బాయి చీటీ చూసి, అది స్టాకు లేదని, అంత రేటు ఎందుకని, దీంతో మచ్చలు కూడా పోతాయని ఇంకోటి ఇచ్చాడు. అట్ట మీద పెద్దక్షరాలతో స్కిన్ క్రీమ్ అని ఉంది. చదువుకోవాల్సిందల్లా వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటాసోన్.

ఈ మూడూ ఏమిటో వివరంగా చెప్పాలి. హైడ్రోక్వినోన్ నలుపు తగ్గించేది. ముఖం మీద మంగు మచ్చలకి డాక్టర్లు కొంతకాలం, వాళ్ళ కనుసన్నల్లో వాడిస్తారు. ట్రెటినాయిన్ విటమిన్ ఏ కుటుంబంలోదే, అంటే మా చెల్లి మింగుతున్న క్యాప్సూల్‌కి దగ్గరి చుట్టం. లోపలినుంచి ఒకటి చర్మాన్ని ఎండగడుతుంటే పైనుంచి అదే జాతి మందు ఇంకోటి రాయడం పుండు మీద కారం చల్లడమే. మూడోది మోమెటాసోన్, స్టెరాయిడ్. అసలు మోసమంతా దీంట్లో ఉంది. స్టెరాయిడ్ రాయగానే ఎరుపు, దురద, మంట అన్నీ అణిగిపోతాయి. మొదటి వారం మా చెల్లి ముఖం నిగనిగలాడింది, హాస్టల్ పిల్లలు ఏ క్రీమని అడిగి మరీ పేరు రాసుకున్నారు. (తెల్లబడితే చాలు, అది మంచి మందని మనవాళ్ళ లెక్క. ఈ వ్యాపారం నడిచేది ఆ లెక్క మీదే.) తర్వాత ముక్కు పక్కలా నోటి చుట్టూ పొట్టు లేవడం, ఎండలోకి వెళ్తే మంట, చివరికి మంచినీళ్ళతో కడిగినా చురుక్కుమనడం. భయపడి ఆపేస్తే ఎరుపు రెట్టింపై, బుగ్గల నిండా సన్న పొక్కులు వచ్చాయి. మళ్ళీ రాస్తే తగ్గుతుంది, ఆపితే తిరగబెడుతుంది. ముఖం దానికి అలవాటు పడిపోవడమంటే ఇదే. నెలల తరబడి వాడితే చర్మం పలచబడి సన్నటి ఎర్ర నరాలు బయటికి కనపడతాయి, ఆడపిల్లలకి ముఖం మీద నూగు పెరుగుతుంది, మొటిమలు కూడా వస్తాయి. మొటిమలు పోవాలని మొదలైన కథ మొటిమల దగ్గరికే వస్తుందన్నమాట.

డాక్టరు ట్యూబు చూడగానే తల పట్టుకున్నారు. ఇలాంటి ముఖాలు వారం వారం వస్తూనే ఉంటాయట. క్యాప్సూల్ కొన్నాళ్ళు ఆపించి, ముందు చర్మం తేరుకోనివ్వమన్నారు.

విజయవాడ నుంచి నేను వెళ్ళి ఆ షాపులో అడిగాను. "ఎంతోమంది తీసుకెళ్తారండి, ఎవరూ ఏమీ అనలేదు, మీ అమ్మాయికే పడలేదేమో" అన్నారు. ఫార్మసిస్టు గారేరని అడిగితే భోజనానికి వెళ్ళారన్నారు. అప్పుడు సాయంత్రం అయిదు దాటింది. బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద పెన్నుతో మొత్తం ఒక్కటే రాసిచ్చారు, మందు పేరు లేదు, బ్యాచ్ నంబరు లేదు. స్టెరాయిడ్ క్రీముల్ని కూల్‌డ్రింకుల్లా అమ్మేస్తున్నారని చర్మవ్యాధుల డాక్టర్లు ఏళ్ళ తరబడి మొత్తుకుంటే, 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ట్యూబు మీద ఆ హెచ్చరిక ముద్రించే ఉంటుంది. చదవాల్సిన చోట ఎవరూ చదవరు, అమ్మేవాడు అసలే చదవడు.

అదే షాపులో ఇంకో రెండు సంగతులు బయటపడ్డాయి. "డ్రై స్కిన్‌కి మంచిది" అని విటమిన్ ఏ ఉన్న క్యాప్సూళ్ళు కూడా జతచేసి ఇచ్చారు. ఐసోట్రెటినాయిన్ వాడేవాళ్ళు విటమిన్ ఏ మాత్రలు విడిగా మింగకూడదు, రెండూ కలిస్తే విషప్రభావం పెరుగుతుంది. డాక్సీసైక్లిన్ లాంటి టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్స్ కూడా దీంతో కలపకూడదు, పుర్రె లోపల మెదడు మీద ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది. వేరే జ్వరానికో పంటినొప్పికో ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఈ క్యాప్సూల్ వాడుతున్నట్టు చెప్పండి.

రెండోది ఇంకా ఘోరం. మా చెల్లి రూమ్మేటుకి చీటీ లేకుండానే ఐసోట్రెటినాయిన్ స్ట్రిప్పు ఇచ్చేశారు, "మీ ఫ్రెండు వాడుతోందిగా" అని. గర్భంతో ఉన్నప్పుడు ఈ మందు పడితే బిడ్డకి తీవ్రమైన అవకరాలు వస్తాయి. వాడుతున్నంత కాలం, ఆపాక ఇంకో నెల వరకు గర్భం రాకూడదు, అన్నాళ్ళూ రక్తదానం కూడా చెయ్యకూడదు. కాలేజీల్లో రక్తదాన శిబిరం పెడితే పిల్లలు ఉత్సాహంగా వరస కడతారు, మగపిల్లలకి కూడా ఇది వర్తిస్తుందని చెప్పేవాళ్ళుండరు. ఇలాంటి మందుని చాక్లెట్లలా పంచుకోవడం ఏమిటి?

ఇక ఇప్పుడు తను ఏం వాడుతోందంటే, చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నురగ తక్కువ వచ్చే, వాసన లేని క్లెన్సర్ రోజుకి రెండుసార్లు, గోరువెచ్చని నీళ్ళు. తుడుచుకున్న వెంటనే, తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్. గ్లిజరిన్, సెరమైడ్ లాంటివి ఉండి, పెర్ఫ్యూమ్ లేనిదైతే చాలు, ఖరీదైన బ్రాండే కానక్కర్లేదు. యూరియా ఎక్కువున్న క్రీము మడమలకి సరే, పగిలిన ముఖానికి మండుతుంది. పెదవులకి మామూలు పెట్రోలియం జెల్లీ, గంటగంటకీ. చల్లగా ఉంటుందని మెంథాల్, కర్పూరం కలిపిన లిప్ బామ్ కొనొద్దు, పగుళ్ళలో పడితే ప్రాణం పోయినంత మంట. పెదవి చీలి ఉన్నప్పుడు మన గుంటూరు కారం సంగతి చెప్పక్కర్లేదు, ఆవకాయ కొన్నాళ్ళు పక్కన పెట్టింది పాపం. ముక్కు లోపల ఎండి రక్తం చెమర్చితే అక్కడా కొంచెం జెల్లీ. కళ్ళు పొడిబారతాయి కాబట్టి కాంటాక్ట్ లెన్సులు మాని కళ్ళద్దాలు పెట్టుకుంటోంది. క్యాప్సూల్ మాత్రం భోజనంతోనే, కొవ్వు కాస్త ఉంటేనే ఒంటికి బాగా పడుతుంది. కాబట్టి పప్పన్నంలో నెయ్యి మానలేదు.

ఎండ సంగతి మర్చిపోవద్దు. ఈ మందుతో చర్మం ఎండకి త్వరగా కందిపోతుంది, మన కృష్ణా తీరం ఎండ ఎలాంటిదో తెలిసిందే. సన్‌స్క్రీన్ రాసి, స్కూటీ మీద ముఖానికి చున్నీ కట్టేటప్పుడు మెత్తటి కాటన్‌ది కట్టుకోండి. జరీ చున్నీ గీరుకుంటే పొట్టు ఊడుతుంది.

మా పెద్దమ్మ సున్నిపిండితో నలుగు పెట్టి, నిమ్మరసం రాస్తే అన్నీ పోతాయంది. మామూలు రోజుల్లో సున్నిపిండికి నేనూ ఓటేస్తాను గానీ, ఈ మందు మీద ఉన్నప్పుడు ఏ రుద్దుడూ పనికిరాదు. పార్లర్లో వ్యాక్సింగ్ కూడా వద్దు, చర్మం పొరతో సహా లేచొస్తుంది. మందు ఆపిన 6 నెలల దాకా ఆగమంటారు. ఇంట్లో పెళ్ళిళ్ళుంటే ముందే లెక్క చూసుకోండి.

కొనేటప్పుడు చూసుకోవాల్సింది ఇదీ. ట్యూబు మీద బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మోమెటాసోన్, ఫ్లూసినోలోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, వీటిలో ఏ పేరున్నా అది మాయిశ్చరైజర్ కాదు. పేరే లేని, డబ్బాలో నింపి అమ్మే "ఫేస్ క్రీమ్" అయితే ముట్టుకోవద్దు. కంపెనీ చిరునామా, బ్యాచ్ నంబరు, లైసెన్స్ నంబరు, గడువు తేదీ లేకుండా కాస్మెటిక్ అమ్మడమే చట్టవిరుద్ధం. బ్యాచ్ నంబరుతో సహా బిల్లు అడిగి తీసుకోండి.

నేను డ్రగ్ ఇన్‌స్పెక్టర్ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను, విచారణ నడుస్తోంది, అందుకే షాపు పేరు ఇక్కడ రాయడం లేదు. బిల్లు లేదని, సరుకు మార్చి ఇచ్చారని చెప్పుకోడానికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. మందు వల్ల జరిగిన హానిని నమోదు చేయించడానికి 1800-180-3024, దానికి డాక్టరే కానక్కర్లేదు, వాడినవాళ్ళు కూడా చెప్పొచ్చు.

ఇప్పటికే ఇలాంటి ట్యూబు నెలల నుంచి రాస్తున్నవాళ్ళు ఇది చదివి ఈ రాత్రికే ఆపేయొద్దు. ఒక్కసారిగా మానేస్తే మంట ఎగదన్నుతుంది, ఎలా తగ్గించాలో స్కిన్ డాక్టరే చెప్పాలి. వెళ్ళేటప్పుడు ఖాళీ అయిన ట్యూబు, దాని అట్టపెట్టె కూడా పట్టుకెళ్ళండి. "తెల్లటి ట్యూబండీ, పేరు గుర్తులేదు" అంటే ఆయన మాత్రం ఏం చేస్తారు.