పన్నెండేళ్ళ లెక్క మా మావయ్య వేశారు

చిక్కమగళూరు వెళ్ళొచ్చి వారమైనా మంట తగ్గలేదు, అందుకే రాస్తున్నాను. బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "నీలకురింజి వ్యూ హోమ్‌స్టే" అని ఒక ఫొటో వచ్చింది. కొండంతా ఊదా రంగు నీలకురింజి పూలు. రూము రాత్రికి 4,200, భోజనాలతో కలిపి. "పూల జీపు" 2,800 వేరే. వెనకాముందూ చూడకుండా రెండు రూములకి 4,000 అడ్వాన్స్ కొట్టేశాను.

హాసన్, బేలూరు మీదుగా ప్రయాణం హాయిగా జరిగింది. బేలూరు దాటాక వెనక సీట్లోంచి మావయ్య, "అల్లుడుగారూ, ఈ పువ్వు పన్నెండేళ్ళకోసారి కదా పూసేది, ఇక్కడ కిందటిసారి ఎప్పుడు పూసింది?" అని అడిగారు. 2022 సెప్టెంబర్‌లో అన్నాను. "మరి 2034 రావాలిగా?" కారులో చప్పుడు లేదు. మా ఆవిడ కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంటోంది.

హోమ్‌స్టే ఓనరు తొణకలేదు. కురింజిలో చాలా రకాలు సార్, ఏటా పూసేవీ ఉంటాయి అన్నాడు. అబద్ధం కాదు. కానీ ఫొటోలో పెట్టింది పన్నెండేళ్ళ దాన్ని, చూపించింది కంచె మీద పాకిన ఏదో ఊదా రంగు తీగని. "ఇలాంటిది మన దొడ్లోనే ఉంది" అంది అత్తయ్య. గదిలో తడి వాసన, గీజరు పావుగంట పనిచేసి ఆగిపోయింది. వంటావిడ చేసిన కడుబు, కోడి కూర మాత్రం ఆ 4,200లో సగానికి న్యాయం చేశాయి, ఆ మాట దాచను.

జీపు డ్రైవరు ఇంకో ఆకు ఎక్కువే చదివాడు. ముళ్ళయ్యనగిరి కొండ దారిలో "ఫొటో పాయింట్" అంటూ రోడ్డు దిగి గడ్డిలోకి పోనిచ్చాడు. ఎక్కడి నుంచి వచ్చాడో ఫారెస్ట్ వాచర్, కన్నడలో దులిపేశాడు. టైరు పక్కనే నేల చూపించి "కురింజి, కురింజి" అన్నాడు. వంగి చూశాం. అడుగు ఎత్తు కూడా లేని పొదలు, అంచున పళ్ళున్న గరుకు ఆకులు, ఎదురెదురుగా జంటలు. ఒక కొమ్మ నలిగి నేలకి అంటుకుపోయింది. మావయ్య దాన్ని రెండు వేళ్ళతో లేపి నిలబెట్టబోయారు, నిలబడలేదు.

2022లో పూసినవి విత్తనం రాల్చి చచ్చిపోయాయి. ఇవి వాటి పిల్లలు. పూత ఉన్నప్పుడు జనం, పోలీసులు, కెమెరాలు. మిగతా పదకొండేళ్ళూ ఇది కలుపు మొక్కలా కనిపిస్తుంది, ఎవడి టైరు కిందైనా పడుతుంది. అసలే టీ తోటలు, తుమ్మ, యూకలిప్టస్ నాటడం, కార్చిచ్చు కలిసి దీని చోటు చాలా తినేశాయి. 2024లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో దీన్ని "వల్నరబుల్" (అంతరించే ముప్పున్నది) అని చేర్చారు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, అందులో మూడో షెడ్యూలులో, అంటే రక్షిత మొక్కల జాబితాలో, నీలకురింజి ఉంది. పీకితే కేసే. ఇది తెలిసే డ్రైవరు వాచర్ ముందు పిల్లిలా అయిపోయాడు.

తిరిగొచ్చి ఓనరుతో గంట గొడవపడితే జీపు డబ్బుల్లో 1,000 వెనక్కిచ్చాడు. టెన్షన్ పడి మా ఆవిడ ఇక చాలు అంది కాబట్టి వదిలేశాను.

వెళ్ళేవాళ్ళకి చెప్పేదొకటే. "ఏ రకం, ఏ ఏడు పూసింది" అని ఫోనులోనే అడగండి, నసిగితే పెట్టేయండి. జీపు రోడ్డు దిగితే మీరూ దిగిపోండి. పూలు లేకపోయినా మబ్బుల్లో ముళ్ళయ్యనగిరి బాగుంది, దానికి పూల జీపు అక్కర్లేదు.

కేరళలో మున్నార్‌లో 2018లో పూసింది కాబట్టి మళ్ళీ 2030. మావయ్య ఇప్పట్నుంచే క్యాలెండర్ అడుగుతున్నారు. అడ్వాన్స్ మాత్రం నన్ను కట్టొద్దన్నారు.